వంద మైళ్ల పొరపాటు

మా బావ ఒక రాజవంశానికి వంద మైళ్ల నేల కట్టబెట్టాడు. యుద్ధం చేసి కాదు, పెన్సిలుతో.

ఆయన ఉద్యోగం శాసనాలకు అచ్చు తీయడం. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో బాదాలి. పైన సిరా అద్దితే రాయంతా నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. ఆరాక మూలన ఊరి పేరు రాయాలి. ఈ ఆఖరి పని మాత్రం బావ తీరిగ్గా, ఆఫీసుకొచ్చాక చేసేవాడు. "ఎక్కడికి పోతాయిరా, తీసింది నేనేగా" అనేవాడు. నేను అదే ఆఫీసులో టైపిస్టుని. ఆ ధీమా చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఇరవయ్యారేళ్ల కిందట ఒకే వారంలో రెండు అచ్చులు తీశాడు. ఒకటి కొండ మీది క్వారీలో, ఇంకోటి దూరాన ఏటి ఒడ్డున. ఒక దాంట్లో రాజుగారు అశ్వమేధం చేసి, శివాలయానికి భూమి ఇచ్చారు. రెండోదాంట్లో ఎవడో చిల్లర దొర బావి తవ్వించాడు. ఆ రాజుగారి కాగితానికి ఏటి ఒడ్డు ఊరి పేరు పడింది. దాన్ని పట్టుకుని మా పెద్దాఫీసరు, ఆ వంశం ఏటిదాకా ఏలిందని లావుపాటి పుస్తకం రాశారు. పటాల్లో రంగులు మారాయి. క్వారీ రాయి కంకరైపోయింది, ఏటి రాయి డ్యాము నీళ్లలో మునిగింది. ఇక ఆ ఏలుబడికి మిగిలిన ఆధారం బావ కాగితం ఒక్కటే.

ఈ నెల బావ రిటైరవుతున్నాడు. సన్మానంలో ఫ్రేము కట్టి ఇద్దామని ఆ కాగితాన్నే బీరువాలోంచి తీయించి, బల్ల మీద బోర్లా పరిచారు. బావ దాని వీపు చూసి కుర్చీలో కూలబడ్డాడు. నీలం కాగితం అతుకు ఒకటి ఉంది. క్వారీలో కాగితం చిరిగితే, జేబులో ఉన్న అక్క ఉత్తరం అంచు చింపి అతికించాడు. దానికి అక్క వారం రోజులు మాట్లాడలేదు కాబట్టి ఎక్కడ అతికించాడో బాగా గుర్తు. అంటే రాజుగారి రాయి క్వారీది, ఏటి ఒడ్డుది కాదు.

"నోరు మూసుకో బావా. రాజులు పోయారు, రాళ్లు పోయాయి. ఎవడడుగుతాడు?" అన్నాను.

"పెద్దాయనకి చెప్పాలిరా."

"ఆయన బతుకంతా ఆ పుస్తకమే. ఈ వయసులో చెప్పి చంపుతావా?"

"అదే నా భయం" అన్నాడు.

మూడు రోజులు అన్నం సయించలేదాయనకి. నాలుగో రోజు నన్ను తోడు తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాడు.

పెద్దాయనకు చూపు బాగా మందగించింది. చెప్పిందంతా విని, అతుకు మీద వేలు పెట్టి చాలాసేపు తడిమారు.

"ఎంత పోతుంది?"

"వంద మైళ్ల పైనే అండి."

"నా పుస్తకంలో సగం" అన్నారు. ఆయన మొహం ఏమీ మారలేదు. ఏడుపొచ్చింది నాకు.

నన్ను టైపు మిషను ముందు కూర్చోమన్నారు. పత్రికకు సవరణ. ఆ వంశం ఏటిదాకా ఏలిందనడానికి ఆధారం లేదని, తను రాసింది తప్పని చెప్పి, ఆ వెంటనే, "అచ్చు తీసినతను ఈ సంగతి అప్పుడే చెప్పాడు, నేనే పెడచెవిన పెట్టాను" అన్నారు. నేను కొట్టాను.

బావ లేచి నిలబడ్డాడు. "నేను అప్పుడు చెప్పలేదు కదండీ. అది కొట్టేయించండి."

"నీకు మాట రాకూడదనయ్యా."

"రానివ్వండి. మళ్లీ ఇంకో తప్పు కాగితం ఎందుకు?"

పెద్దాయన నా వైపు తిరిగి తల ఊపారు. ఆ వాక్యం మీద వరసగా గుణకారం గుర్తులు కొట్టాను. దాని కింద, అచ్చు తీసినవారే స్వయంగా వచ్చి పొరపాటు చెప్పారని రాయించారు. అక్కడ ఆగి బావ వైపు తిరిగారు.

"నీ పూర్తి పేరేమిటి?"

అన్నేళ్లు కలిసి పనిచేశారు. ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. బావ ఇంటిపేరుతో సహా నెమ్మదిగా చెప్పాడు. నేను ఒక అక్షరం తప్పు కొడితే, "సరిగ్గా కొట్టరా" అని కసిరాడు.