ఎర్ర చుక్కకు మీసాలు

ఆ రోజుల్లో దోహాలో ఏదీ పూర్తయి ఉండేది కాదు. నడిబొడ్డున ముషైరిబ్ పేట చుట్టూ రేకుల అడ్డుగోడలు. పొద్దున వెళ్ళిన రోడ్డు సాయంత్రానికి వేరే చోట ఉండేది. స్టేడియాలు పైకప్పు లేక ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. ప్రపంచకప్పు వచ్చేలోగా ఊరంతా సిద్ధం కావాలని అందరికీ ఒకటే తొందర. ఆ సగం సగం నగరంలో పూర్తిగా తయారై, ఏ లోపమూ లేకుండా ఉన్నది ఒక్కటే ఉందని నాకు గట్టి నమ్మకం. అది నేను.

జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పట్టుకుని వెళ్ళి, ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం ప్యానెళ్ళు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేరాను. నా పని చాలా తేలిక, 'కాదు' అనడం. బాగున్నదాని మీద సంతకం పెట్టాలి, బాగా లేనిదాని మీద 'రిజెక్ట్' అని రాసి ఉన్న ఎర్ర స్టిక్కరు అంటించాలి. సంతకం పెట్టేటప్పుడు నా మొహం మామూలుగా ఉండేదట, స్టిక్కరు అంటించేటప్పుడు మాత్రం వెలిగిపోయేదట. ఆ స్టిక్కర్ల చుట్ట సెలవు రోజున కూడా నా జేబులోనే ఉండేది. క్యాంప్ మెస్సులో చపాతీ గుండ్రంగా లేదని దాని మీద కూడా అంటించానని కొందరు ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం. (ప్లేటు మీద అంటించాను.) కంపెనీ కారు నడిపే కరీంనగర్ భాయ్ అప్పటి నుంచి నన్ను 'రిజెక్ట్ సాబ్' అని పిలవడం మొదలుపెట్టాడు. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

ఒకరోజు కంపెనీ యజమాని పిలిపించారు. ఆయన ఖతారీ. మేమంతా 'అర్బాబ్' అనేవాళ్ళం. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు. ఎదురుగా ఖర్జూరాల పళ్ళెం పెట్టి, "తలుపుల కీళ్ళ లాటు మొత్తం వాపసు పంపింది నువ్వేనా?" అని అడిగారు. నేనే అన్నాను. "జైన్, జైన్, మంచిది. నాకు 'కాదు' అనే మనిషే కావాలి. నాకు ఒక పిస్టల్ అమర్చిపెట్టు."

ఖర్జూరం గింజతో సహా గొంతులోకి దిగింది. నేను అప్పటిదాకా చేతితో పట్టింది దీపావళికి కొనుక్కునే రీళ్ళ తుపాకీ ఒక్కటే, దానికే కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆయన నా వీపు మీద తట్టి నింపాదిగా విప్పి చెప్పారు. ఆయనకు షూటింగ్ క్లబ్బులో సభ్యత్వం ఉంది, లైసెన్సు ఉంది, పిస్టల్ ఎప్పుడూ క్లబ్బులోనే ఉంటుంది. త్వరలో స్నేహితుల మధ్య పోటీ. పిస్టల్ మీది పాత ఇనుప గురి కంటికి ఆనడం లేదు కాబట్టి రెడ్ డాట్ సైట్ కావాలి, దానికి సరిపోయే భాగాలు కావాలి. అవన్నీ క్లబ్బు దుకాణంలోనే దొరుకుతాయి. "సరిగ్గా ఎంచిపెడితే స్టేడియం సైటుకు క్వాలిటీ ఇన్‌చార్జి నువ్వే. ఎంచలేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటా. ఖలాస్."

ఆ ఇన్‌చార్జి కుర్చీ కోసం నేను ఏడాదిగా కలలు కంటున్నాను. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, పిస్టల్ సంగతితో సహా. అమ్మ విని, "దుబాయ్ పోలీసుల చేరినవా బిడ్డా?" అంది.

"అమ్మా, ఇది ఖతార్. పోలీస్ గాదు, సామాన్లు చూసి చెప్పుడే."

"ఏదైతే ఏంది, దాని మూతి నీ దిక్కు పెట్టుకోకు. అట్లనే మీ సేటు దిక్కు గూడ పెట్టకు, నౌకరీ పోతది."

ఆ తరువాత డ్యూటీ అయ్యాక రోజూ నేను చదివిన చదువు పరీక్షలకు చదివి ఉంటే విశ్వవిద్యాలయం నా బొమ్మ పెట్టుకునేది. మాడ్యులర్ పిస్టల్ అంటే లోపలి యంత్రం ఒక్కటే అసలు ఆయుధం. పట్టు, పైన కదిలే స్లైడు, గొట్టం చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒకే గుండెకు రకరకాల చొక్కాలు. రెడ్ డాట్ అంటే చిన్న అద్దం, అందులో ఒక ఎర్ర వెలుగు చుక్క. చుక్క ఎక్కడుంటే గురి అక్కడ. నేను పరీక్షలన్నీ వరసగా రాసుకున్నాను. దెబ్బ దెబ్బకూ అదిరినా చుక్క చోటు మారకూడదు. బ్యాటరీ మార్చడానికి సైటంతా ఊడదీయనక్కర్లేకుండా ఉండాలి. స్లైడు మీది మరలకు సైటు అచ్చంగా కూర్చోవాలి. ఏసీ కారులోంచి ఆగస్టు ఉక్కలోకి దిగితే అద్దం మసకబారకూడదు. వెలుగు పుట్టే చోట ఇసుక చేరకుండా నాలుగువైపులా మూసి ఉండాలి. అన్నిటికంటే చివర, ఇది పరీక్షించాల్సిన పనే లేదన్నట్టు చిన్న అక్షరాలతో రాశాను, చుక్క గుండ్రంగా ఉండాలి.

శుక్రవారం మధ్యాహ్నం భాయ్ నన్ను క్లబ్బుకు తీసుకుపోయాడు. దుకాణంలో ఒక ఫిలిప్పీనా అమ్మాయి ఉంది. ప్రతి మాటకూ ముందొక 'సర్', వెనకొక 'సర్' తగిలించేది. పట్టు ఎంచాను, స్లైడు ఎంచాను, స్ప్రింగులు ఎంచాను, కొలత పరికరంతో అన్నీ కొలిచాను. ఆ అమ్మాయి కళ్ళలో గౌరవం పెరగడం నాకు స్పష్టంగా కనిపించింది. (ఆ రోజు నాకు స్పష్టంగా కనిపించింది అదొక్కటే.) ఆపైన మూడు కంపెనీల సైట్లు బల్ల మీద పెట్టింది. మొదటిదాన్ని గోడ వైపు పట్టుకుని చూశాను. చుక్క లేదు. ఎవరో తొక్కిన మందారపువ్వు ఉంది. ఒక పక్కకు సాగి, మీసాలు మొలిచి ఉంది. జాలిగా తల ఊపి స్టిక్కరు అంటించాను.

"సర్! అది అమ్మకానికి పెట్టిన సరుకు సర్!"

"అందుకే అంటించాను."

రెండోది చూశాను. అదే మందారం, అవే మీసాలు. మూడోదీ అంతే, అదీ అటువైపే సాగి ఉంది. మూడు వేర్వేరు కంపెనీల సరుకులో ఒకే లోపం ఒకే దిక్కున ఎందుకుంటుందని మామూలు మనిషికి అనుమానం రావాలి. నేను ఇంజినీరును కనుక వెంటనే కారణం కనిపెట్టాను. ముగ్గురూ అద్దాలు ఒకే చోట కొంటున్నారు! పైగా తల పక్కకు వంచితే మీసాలు కూడా వంగుతున్నాయి. 'లోపలి అమరిక వదులు' అని అది కూడా రాసుకున్నాను. ప్రపంచం ఇంకా గమనించని ఒక పెద్ద కుంభకోణం నా చేతికి చిక్కిందని ఒళ్ళు జలదరించింది.

అర్బాబ్ వచ్చేసరికి మూడు సైట్లూ పెళ్ళికొడుకుల్లా ఎర్ర స్టిక్కర్లతో వరసగా ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని, మందారం నుంచి కుంభకోణం దాకా మొత్తం విన్నవించాను. ఆయన ఓపిగ్గా విని, ఒకటి తీసి కంటికెదురుగా పట్టుకున్నారు. దించారు. రెండోది తీశారు, దించారు. నా వైపు చూశారు.

"గుండ్రంగా ఉంది."

"కాదు సర్."

(అర్బాబ్‌తో 'కాదు' అన్నాను. పక్కన భాయ్ కళ్ళు మూసుకున్నాడు.) ఆయన సైటు భాయ్ చేతికిచ్చారు. భాయ్ చూసి, నా చెవిలో గుసగుసలాడాడు. "సాబ్, గుండ్రంగనే ఉంది, బొట్టు పెట్టినట్టు. జర ఊకోరాదు."

"భాయ్, నీకు తెల్వది. నేను సాక్ష్యం చూపిస్త" అని ఫోన్ తీసి, సైటు వెనక కెమెరా పెట్టి, చుక్క ఫొటో తీశాను. యంత్రం అబద్ధం చెప్పదని అందరికీ వినిపించేలా అని, ఫోన్ అర్బాబ్ ముందు పెట్టబోతూ నేను కూడా చూశాను.

తెర మీద చుక్క. చిన్నది, శుభ్రమైనది, ఏ మీసమూ లేనిది. మా మెస్సు చపాతీ ఏ జన్మలోనూ కాలేనంత గుండ్రంగా ఉంది.

మళ్ళీ సైటులోంచి చూశాను, మందారం. ఫోన్ చూశాను, చుక్క. తల వంచాను, మందారం వంగింది. వదులుగా ఉన్న అమరిక ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఆ అమ్మాయి 'సర్' అనడం కూడా మరిచిపోయి నన్నే చూస్తోంది. అర్బాబ్ నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగిచూసి ఒక మాట అడిగారు. అది నేను భయపడుతున్న మాటే. "మరి నా ప్యానెళ్ళు?"

"అవి గేజీతో కొలిచినవి సర్. కంటితో కాదు" అన్నాను. ఏడాది కల, ఇన్‌చార్జి కుర్చీ, అన్నీ ఆ బల్ల మీదే పగిలిపోయాయనుకున్నాను. ఆయన చెయ్యి చాచారు. ఫోన్ అడుగుతున్నారేమో అనుకుని ఇచ్చాను, కాదన్నారు. స్టిక్కర్ల చుట్ట అడిగి తీసుకుని, ఒకటి చింపి, నా చొక్కా జేబు మీద నింపాదిగా అంటించి, నాలుగు మూలలా వేలితో నొక్కారు.

"పారేసే సరుకు కాదు. బాగుచేసి తీసుకురా. అప్పుడు మళ్ళీ ఇన్‌స్పెక్షన్. యల్లా, బయల్దేరు" అన్నారు భాయ్‌తో.

అదే స్టిక్కరుతో భాయ్ నన్ను అల్ దోహా అల్ జదీదాలో కళ్ళద్దాల దుకాణానికి తీసుకుపోయాడు. దారి పొడుగునా నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద కొడుతూనే ఉన్నాడు. "గల్ఫ్ మెడికల్ల నీ కండ్లు ఎవడు పాస్ చేసిండు సాబ్?" అని అడిగాడు. (వరసలో నా ముందున్న వాళ్ళందరూ గోడ మీది అక్షరాలు గట్టిగా చదువుతుంటే నాకు కంఠతా వచ్చేశాయి. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ.) కళ్ళ డాక్టరు చూసి, కంటి ముందు పొర బంతిలా కాక గుడ్డులా సాగి ఉంటుందనీ, దాన్ని ఆస్టిగ్మాటిజం అంటారనీ, వెలుగు చుక్కలన్నీ సాగి కనిపిస్తాయనీ చెప్పారు. "వీధి దీపాల చుట్టూ గీతలు కనిపించేవా?" అని అడిగారు. దీపాలకు గీతలుంటాయి కదండీ అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, చాలా మెల్లగా "ఉండవండీ" అన్నారు.

ఆ దెబ్బ ఫోన్‌లోని చుక్క కంటే పెద్దది. పుట్టినప్పటి నుంచి నేను చూసిన ప్రతి దీపానికీ మీసాలున్నాయి. చిన్నప్పుడు బడిలో అందరూ సూర్యుడికి గీతలు గీస్తుంటే, వాళ్ళకూ అలాగే కనిపిస్తోందని అనుకున్నాను.

కళ్ళద్దాలు వచ్చాక అర్బాబ్ నన్ను మళ్ళీ క్లబ్బుకు పిలిచారు. ఈసారి సైటులో చుక్క చుక్కలాగే ఉంది. నాలుగువైపులా మూసి ఉన్న సైటు ఎంచాను, మొదట స్టిక్కరు వేసినది అదే. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. "నో ప్రాబ్లమ్ సర్, సర్ కళ్ళు బాగయ్యాయి సర్" అంది. పోటీలో అర్బాబ్ మూడో స్థానంలో వచ్చారు. సైటు మంచిదే, మిగతా తప్పు తన చేతిది అన్నారు. నా ప్యానెళ్ళను ఇంకొకరితో మళ్ళీ కొలిపించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే స్టేడియం సైటు తాళాలు నా చేతికిచ్చారు.

ఇప్పుడు నా దగ్గర మంచి కళ్ళద్దాలున్నాయి. లోకం గుండ్రంగా, అంచులతో సహా, ఎలా ఉండాలో అలాగే కనిపిస్తుంది. కానీ ఏ ఊళ్ళోనైనా సాయంత్రం దీపాలు వెలిగే వేళకు అప్పుడప్పుడు వాటిని తీసి చేతిలో పట్టుకుంటాను. ప్రతి దీపానికీ మళ్ళీ మీసాలు మొలుస్తాయి. వాటి నడుమ, జేబులో స్టిక్కర్ల చుట్టతో, లోకంలో తానొక్కడే సరిగ్గా ఉన్నానని నమ్ముతూ నడిచిపోయే ఒక కుర్రాడు కాసేపు కనిపిస్తాడు. వాడి మీద స్టిక్కరు అంటించడానికి మాత్రం నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.