కుడివైపు చూసిన కళ్ళు

మా చెల్లెలి మొగుణ్ణి వాళ్ళ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. జీరో పవర్ అంటారు. కళ్ళజోళ్ళ షాపులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తూ, తను మాత్రం ఒక్కరోజు కూడా కళ్ళజోడు పెట్టని మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. నలభై ఎనిమిదో ఏట కూడా మందు సీసా మీది చీమ తలంత అక్షరాల్ని చేయి చాచకుండా చదివేవాడు. దానికి ఆయనకి గర్వం, నాకు ఒళ్ళుమంట. నాది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. నలభైకే చత్వారం వచ్చి ఆయన దగ్గరే అద్దాలు పెట్టించుకున్నదాన్ని.

పనిలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. ఎవరొచ్చినా ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు మీద చిన్న స్కేలు ఆనించి, రెండు కంటిపాపల మధ్య దూరం కొలుస్తాడు. వెనకగదిలో మిషను మీద అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా సానబడతాడు. కొలత తప్పితే పెట్టుకున్నవాళ్ళకి తల తిరుగుతుంది. ఆయన చేతిలో కొలత తప్పడం నేను వినలేదు. ఇది మెచ్చుకుందామని రాయడం లేదు, నిజం కాబట్టి రాస్తున్నాను.

ఆయనకి లేనిదల్లా నోరు. నచ్చిందా అని అడగడానికి కూడా మొహమాటపడేవాడు. వీధి మొదట్లో పెద్ద షోరూము పెట్టాక షాపుకి జనం తగ్గారు. "నీకు చెయ్యుంది, నోరు లేదయ్యా. రెండు రోజులు క్లాసుకెళ్ళి నేర్చుకునిరా" అని యజమాని పంపించాడు. ఆ క్లాసు పేరు న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. నోరు తిరగని వాళ్ళ కోసం ఎన్నెల్పీ అంటారు. ఒక హోటల్ హాల్లో రెండు రోజులు కూర్చుని, నీలం ఫైలు ఒకటి, సర్టిఫికెట్టు ఒకటి పట్టుకుని వచ్చాడు. తలొంచుకుని నడిచే మనిషి ఆ సాయంత్రం నుంచి ఛాతీ విరుచుకుని నడవడం మొదలుపెట్టాడు.

మొదట్లో మాకు అదంతా సరదా. ఓ ఆదివారం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"వదినా, మీ చిన్నప్పటి ఇంటి తలుపుకి ఏ రంగు?"

"ఆకుపచ్చనుకుంటా."

"చూశారా, మీ ఎడమవైపు పైకి చూశారు. అంటే గుర్తుచేసుకున్నారు. ఇప్పుడు ఏనుగుకి గళ్ళచొక్కా తొడిగినట్టు ఊహించండి."

నేను ఊహించాను.

"అదిగో, కుడివైపు! లేనిదాన్ని కల్పించేటప్పుడు కళ్ళు కుడికి పోతాయి. అబద్ధం చెప్పేవాళ్ళవీ అంతే."

నోరెళ్ళబెట్టాను. ఆ తర్వాత అడిగిన నాలుగు ప్రశ్నలకీ నా కళ్ళు ఫ్యాను వైపు, కిటికీ వైపు, ఆయన బట్టతల వైపు పోయాయి. "మీరు టెన్షన్లో ఉన్నారు వదినా" అని తేల్చేశాడు. కుదిరిన రెండూ గుర్తుపెట్టుకుని, కుదరని నాలుగూ మర్చిపోయాం. పదిమందికీ చెప్పి మురిసిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను.

షాపులో మాత్రం ఆయనకి నిజంగానే మాట వచ్చింది. ఎదుటివాడు చేతులు కట్టుకుంటే తనూ కట్టుకునేవాడు, ముందుకు వంగితే తనూ వంగేవాడు. అలా చేస్తే దగ్గరితనం పెరుగుతుందట. చెవి దురదతో వచ్చిన ఒక పెద్దాయనతో సమానంగా తనూ చెవి గోక్కుని తిట్లు తిన్నాడని చెల్లి పడీపడీ నవ్వుతూ చెప్పింది. మా చెల్లి నవ్వితే చూడాలి. మొహమంతా నవ్వే.

తను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. విజిటింగు కార్డులు, కరపత్రాలు, స్కూలు పుస్తకాలు. తప్పు పట్టడంలో దాని కన్ను డేగ కన్ను. ఆ కళ్ళకే తలనొప్పి మొదలైంది. పొద్దున్న లేవగానే నొప్పి, ఒక్కోసారి వాంతి. కొన్నాళ్ళకి ఇంకోటి చెప్పింది.

"ఏవండీ, వీధి చివర బస్సు వస్తుంటే పక్కపక్కనే రెండు బస్సులు కనిపిస్తున్నాయి."

"ప్రూఫుల్లో అక్షరాలు?"

"అవి బాగానే ఉన్నాయి. దూరానివే రెండు."

ఆయన షాపుకి తీసుకెళ్ళి పరీక్ష చేశాడు. ఒక కన్ను మూసి చదవమన్నాడు, చివరి వరస దాకా చదివింది. రెండోది మూసి చదవమన్నాడు, అదీ చదివింది. అద్దాల షాపులో పరీక్ష అంటే అదే. ఒక కన్ను మూస్తే రెండు బస్సులు ఒకటైపోతాయని, జబ్బు ఒక్కో కంటిలో కాదు, రెండూ కలిసి కదలడంలో ఉందని ఆయనకి తట్టలేదు. దగ్గరివి సరిగ్గా కనబడి దూరానివే రెండుగా కనబడటం విడ్డూరంగా తోచింది. ఆమె చెబుతున్నప్పుడల్లా ఆయన కళ్ళలోకే చూశాడు. ఆమె కళ్ళు ఎప్పుడూ ఆమె కుడివైపుకే ఉన్నాయి.

ఇంకో ముడి కూడా పడింది. ప్రతి ఆదివారం వాళ్ళు ఊరి ఆ చివర ఉన్న ఆడపడుచు ఇంటికి వెళ్ళాలి. ఆవిడ నోటికి జడిసి మా చెల్లి శనివారం నుంచే మూలిగేది, అది మా అందరికీ తెలిసిన సంగతే. వరుసగా మూడు ఆదివారాలు తలనొప్పని పడుకునేసరికి ఆయన లెక్క కుదిరిపోయింది.

"తలనొప్పికి కూడా క్యాలెండరు ఉంటుందా? మా అక్క ఇంటికి రావడం ఇష్టం లేదని చెప్పొచ్చుగా."

"నిజంగానే నొప్పండీ."

"నీ నోరు ఒకటి చెబుతోంది, నీ కళ్ళు ఒకటి చెబుతున్నాయి."

తిట్టలేదు, కొట్టలేదు. అదే ఆయనలో భయంకరమైన సంగతి. చాలా ఓపిగ్గా వైద్యం చేయబోయాడు. తలనొప్పి అనకూడదట, తల తేలికవుతోంది అనాలట. ఏదో ఒక సంతోషం గుర్తుచేసుకుంటూ చూపుడువేలి కణుపు నొక్కి పెట్టుకోవాలట. అలవాటైతే ఆ కణుపు నొక్కగానే సంతోషం దానంతటదే వస్తుందట. చెల్లి నొక్కింది. మేం ఇద్దరం వానలో తడిసి అమ్మ చేత తిట్లు తిన్న రోజు గుర్తుచేసుకుని నొక్కిందట. "కాసేపు బాగానే ఉంటుందక్కా" అంది. ఆ వేలి కణుపు ఎర్రగా కందిపోయింది.

నాకూ చెప్పింది. ఫోన్లో నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. "ఓ జత అద్దాలు పెట్టించుకోవే. అయినా నీ ఆడపడుచు దగ్గరికి వెళ్ళడానికి నాకైనా తలనొప్పి వస్తుంది." ఇద్దరం నవ్వుకున్నాం. రోజూ పదిమంది రక్తం చూసి జబ్బులు కనిపెట్టేదాన్ని, సొంత చెల్లెలి మాటని జోకు చేశాను.

తర్వాత చెప్పులు తీసుకోవడానికి వంగితే నాలుగు క్షణాలు అంతా చీకటైపోతోందని ఆయనకి చెప్పింది. ఆయన ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, కళ్ళలోకి చూసి, "మళ్ళీ కల్పిస్తున్నావు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె చెప్పడం మానేసింది. నొప్పి పెరిగింది, చూపు తరిగింది, ఇంట్లో మాత్రం ప్రశాంతంగా ఉంది. తన క్లాసు ఫలించిందని ఆయన షాపు యజమానితో చెప్పాడట.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక పొద్దున్న నేను వాళ్ళింటికి వెళ్ళాను. నాకు మంచినీళ్ళు పోస్తూ చెల్లి నీళ్ళు గ్లాసులో కాకుండా బల్ల మీద పోసింది. పోస్తూనే ఉంది. నీళ్ళు నా ఒళ్ళో పడుతున్నాయి, తను నా మొహం వైపు తిరిగి కబుర్లు చెబుతోంది.

"చెల్లీ, నేను కనిపిస్తున్నానా?"

"పొగలో ఉన్నట్టున్నావక్కా" అంది, చాలా మామూలుగా. "ఆయనకి చెప్పకు. మళ్ళీ కళ్ళు చూస్తాడు."

కట్టుబట్టలతో కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ఆయనకి ఫోన్ చేస్తే షాపు నుంచి పరుగున వచ్చాడు. డాక్టరమ్మ చెల్లి కళ్ళలో చుక్కలు వేసి, లోపల లైటు పెట్టి చూసింది. తర్వాత వేలు చూపించి, తల కదపకుండా దాన్నే చూడమంది. వేలు కుడికి వెళ్ళింది, రెండు కళ్ళూ వెళ్ళాయి. వేలు ఎడమకి వచ్చింది. కుడికన్ను వచ్చింది. ఎడమకన్ను మధ్యలోనే ఆగిపోయింది.

"ఎడమకన్నుని పక్కకి తిప్పే నరం చచ్చుబడింది. ఎడమకి చూస్తే అన్నీ రెండుగా కనిపిస్తాయి. అందుకని మొహం ఎడమకి తిప్పుకుని, కళ్ళు ఎప్పుడూ కుడివైపుకి పెట్టి చూస్తుంటారు. మీరు గమనించలేదా?" అని ఆయన్ని అడిగింది.

అడక్కుండా ఉంటే బాగుండేది. ఇరవై రెండేళ్ళు మనుషుల కళ్ళ ముందు కూర్చున్నవాడు, అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా గమనించింది ఆయనే.

స్కానింగు తీస్తే తలలో గడ్డ ఉందని తేలింది. క్యాన్సర్ కాదన్నారు. అది మెదడులో తిరిగే నీటికి అడ్డంపడి తలలో ఒత్తిడి పెంచి, కంటినరాల్ని నెలల తరబడి నొక్కేసింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ప్రాణం దక్కింది. ఎండిపోయిన నరాలకి మళ్ళీ ప్రాణం రాదని డాక్టరమ్మ చెప్పింది. "రెండుగా కనిపించినప్పుడే తీసుకొచ్చుంటే చూపు నిలిచేది" అని కూడా చెప్పింది. మా చెల్లికి ఇప్పుడు పగలేదో రాత్రేదో తెలియదు.

చెల్లి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నేను ఆ నీలం ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎవర్నో చంపేయాలన్నంత కోపంతో మొదలుపెట్టాను. యాభై ఏళ్ళ క్రితం ఇద్దరు మనుషులు, మనసు జబ్బులు బాగుచేయడంలో పేరున్నవాళ్ళు ఎలా మాట్లాడతారో గమనించి, ఆ పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చన్నారట. మాట మారితే ఆలోచన మారుతుంది, ఆలోచన మారితే నడత మారుతుంది అన్నది దాని సారం. పేరులో నరాలున్నాయి గానీ లోపల నరాల శాస్త్రం ఏమీ లేదు. చాలామంది అనుకుంటున్నట్టు ఎదుటివాడి మెదడుని కంప్యూటర్లా మార్చేసే మంత్రమూ కాదు, మనిషిని లొంగదీసుకునే విద్యా కాదు. కళ్ళు ఎటు తిరిగితే ఏమిటన్న సంగతి పరీక్షలు పెట్టి చూస్తే నిలబడలేదని డాక్టరమ్మ నాతో చెప్పింది. ఆశ్చర్యమేమిటంటే ఫైల్లో కూడా కుడివైపు చూస్తే అబద్ధమని ఎక్కడా లేదు. ఊహించుకుంటున్నప్పుడు అటు చూడొచ్చని ఉంది, దీన్ని అబద్ధాలు పట్టడానికి వాడొద్దని కింద సన్నక్షరాల్లో ఉంది. ఆ అబద్ధం సంగతి హాల్లో టీ తాగేటప్పుడు పక్క కుర్చీవాడు చెప్పాడట. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఉన్నది ఒకటే మాట. ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినండి అని.

ఆ పేజీ ఆయనకి చదివి వినిపించాను. కసితోనే వినిపించాను. ఆయన ఏడ్చాడు, నాకు జాలి కలగలేదు.

ఇప్పుడు ఆయన షాపుకి సగం పూటే వెళ్తున్నాడు. కొలిచేటప్పుడు కస్టమర్ కళ్ళలోకి చూడలేకపోతున్నాడని, వెనకగదిలో సానబట్టే పనే ఇచ్చానని యజమాని చెప్పాడు. ఇంట్లో చెల్లికి తల దువ్వుతాడు, చేయి పట్టుకుని బాత్రూముకి నడిపిస్తాడు, కంచంలో ఏది ఎటుందో చెబుతాడు. రోజూ భోజనానికి కూర్చునే ముందు ఒకటే ప్రశ్న.

"నన్ను క్షమించావా?"

"ఎప్పుడో క్షమించానండీ. తినండి."

ఆయన ఆమె మొహంలోకి చూస్తాడు. ఎంతసేపు చూసినా ఆ మాట నిజమో కాదో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. పోయిన వారం జడ వేస్తుంటే చెల్లి నాతో అంది.

"క్షమించలేదక్కా. నా వల్ల కావట్లేదు. కానీ ఆ మాట అనకపోతే ఆయనకి ముద్ద దిగదు."