ఎస్తేరు టీచరు ముట్టుకోని కాన్వాసు

ఎండాకాలం ఆదివారాల్లో, విజయనగరంలో నేను నడిపే పెయింటింగ్ వర్క్‌షాపులో ఫ్యాన్లు ఆపేయగానే గదిలో ఒక వాసన లేస్తుంది. చెమట, తడిగుడ్డ, అక్రిలిక్ రంగు, మూడూ కలిసిన ఘాటు వాసన. కొత్తగా చేరినవాళ్లు నన్ను శత్రువుని చూసినట్టు చూస్తారు. ఏం చేయను? ఫ్యాను గాలికి అక్రిలిక్ రంగు పళ్లెంలో ఉండగానే అప్పడంలా ఎండిపోతుంది. కాసేపు గొణుక్కుని వాళ్లు పనిలో పడతారు. నేను మాత్రం ఆ వాసనకి మనసులోనే అరసవల్లిలో ఒక డాబా మీది రేకుల గదికి వెళ్లిపోతాను. అక్కడ ఎస్తేరు టీచరు ఉంటారు.

ఆవిడ బడిలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి అవగానే అదే తెల్లచీరతో మెట్లెక్కి వచ్చి, సాయంత్రందాకా అక్రిలిక్ నేర్పేవారు. చేయి తిరిగినవాళ్లకి వేరే, కొత్తవాళ్లకి వేరే అని లేదు. ఒక పాతకాపు పక్కన ఒక కొత్తమొహాన్ని కూర్చోబెట్టేవారు. నేను పాతకాపుల లెక్కలో వెళ్లాను. మా నాన్న నూనె రంగులతో మనుషుల బొమ్మలు వేసేవాడు. ఆయన దగ్గరే నేర్చుకుని, ఫొటో ఇస్తే చాలు, మనిషిని దింపేయగలనని పేరు తెచ్చుకున్నాను. నూనె రంగు రోజుల తరబడి తడిగా ఉంటుంది, ఎంతసేపైనా మెదుపుకోవచ్చు. ఆ అలవాటుతోనే మొదటిరోజు ఒక చెంపని తెగ మెదిపాను. సగం ఆరిన రంగు పాల మీది మీగడలా బ్రష్షుకి చుట్టుకుని లేచి వచ్చేసింది. నా పక్కన ఎన్నడూ బ్రష్షు పట్టని బ్యాంకు గుమాస్తా వేసిన అరటిపండు మాత్రం నిగనిగలాడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తెలిసినోలికే కష్టమే గుంటా," అన్నారు టీచరు నవ్వుతూ. "తెలీనోలికి పోడానికేటున్నాది?"

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. నేర్చుకునేవాళ్ల కాన్వాసు మీద తన బ్రష్షు పెట్టేవారు కాదు. ఇంకో కాగితం మీద వేసి చూపిస్తారు, నోటితో చెబుతారు, అంతే. తక్కిన చోట్ల డ్రాయింగు మాస్టార్లు పిల్లల బొమ్మలన్నీ తామే దిద్దేసి, తల్లిదండ్రుల చేత శభాష్ అనిపించుకోవడం నేను చూసినదే. ఈవిడది చాదస్తం అనుకున్నాను. కొన్నాళ్లకి నన్ను సాయంగా ఉండమన్నారు. ఆవిడంటే అప్పటికే ప్రాణం గనక ఉన్నాను. చాదస్తం అనే అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

అలా ఉండగా అప్పలనరసమ్మ వచ్చింది. గుడి దారిలో ఇడ్లీ బండి నడిపే మనిషి. ఆటో తోలే ఆమె భర్త రమణ జబ్బు చేసి పోయాడు. సంవత్సరికం దగ్గర పడుతోంది. ఆ రోజు గోడకి తగిలించడానికి భర్త బొమ్మ తనే వేసుకోవాలని ఆమె కోరిక. పెళ్లి ఫొటోలు తుఫానులో తడిసి ముద్దయిపోయాయి. ఫొటో అంటే అతను ఆమడ దూరం పారిపోయేవాడట. మిగిలిందల్లా ఆధార్ కార్డు మీది ముఖం. అది ఎవరిదైనా ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే.

వారం వారం ఆ ముఖంతో కుస్తీ పట్టింది. కళ్లు కుదిరితే ముక్కు చెడేది, ముక్కు దిద్దబోతే కళ్లు పోయేవి. ఆరినదాని మీద మళ్లీ రంగు, దాని మీద మళ్లీ రంగు. కాన్వాసు గోడకి సున్నం వేసినట్టు మందమెక్కింది. ఇక ఒక్క ఆదివారమే మిగిలిందనగా నేను ఉండబట్టలేకపోయాను.

"నాకు అరగంట ఇవ్వండి టీచర్‌గారూ, వేసేస్తాను. పాపం, ఆవిడ ఇంటికి పట్టుకెళ్తుంది."

"నువ్వెయ్యగలవని నాకు తెలీదేటి? నువ్వేస్తే అది నీ బొమ్మవుతాది."

"ఆవిడకి కావలసింది మొగుడి బొమ్మ. ఎవరేస్తే ఏం?"

"నన్నెందుకే అడుగుతావు? ఆవిణ్ణే అడుగు."

అప్పలనరసమ్మ నీళ్ల డబ్బాలో బ్రష్షు కడుగుతూ, తలెత్తకుండానే అంది: "ఆ కార్డులో ఉన్నాయన ఎవులో నాకే తెలీదమ్మా. మీరేస్తే ఆయన్నే ఏస్తారు."

టీచరు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. "ముందే అడగవలసింది, నాకూ తట్టలేదు. ఒలమ్మా, బజార్లో మీ ఆయన్ని దూరం నుంచి ఎలగ పోల్చుకుందువు?"

"అదేటమ్మా, ఎనకనుంచే తెలిసిపోతాది. ఆటోలో ఓరగా కూకుంటాడు. ఒక కాలు బయటికేసి. బుజం మీద పసుపు తువ్వాలు."

"మరదే ఎయ్యి. ముకం జోలికెల్లకు."

ముఖం ఉన్న కాన్వాసు పక్కన పెట్టి కొత్తది ఇచ్చారు. రంగు ఆరకుండా పళ్లేనికి తడిగుడ్డ మారుస్తూ నేను పక్కనే ఉన్నాను. ఆటో బీరువాలా వచ్చింది. చక్రాలు రెండూ రెండు సైజులు. దిద్దుదామని నా చేతులు దురదపెట్టాయి గాని, టీచరు చూపుకి భయపడి ఊరుకున్నాను. ఒక వీపు, ఒక తువ్వాలు, బయటికి వేలాడే ఒక కాలు. ఇదా సంవత్సరికానికి పెట్టేదని నాకు దిగులుగానే ఉంది.

సంవత్సరికం రోజు టీచరూ నేనూ వాళ్లింటికి వెళ్లాం. బొమ్మకి చామంతి దండ వేశారు. ముఖం లేదేమిటని చుట్టాలు గుసగుసలాడుతున్నారు. అప్పలనరసమ్మ ఎవరి కళ్లలోకీ చూడడం లేదు. ఇంతలో చూపు మందగించిన ఆమె అత్తగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"ఒరే రవణా, కాలు లోపలెట్టుకోరా. ఎన్నిసార్లు సెప్పాల నీకు? ఎవుడో లారీవోడు గుద్దీసి పోతాడు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అప్పలనరసమ్మ ఉన్నచోటే కూలబడి అత్తగారి కాళ్లు పట్టుకుని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు.

తిరిగి వస్తుంటే టీచరు నా భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వేసుంటే ఆ ముసల్ది దండమెట్టీది. ఇప్పుడు తిట్టింది, సూసావా?"

ఎస్తేరు టీచరు పోయాక ఆ రేకుల గది కూడా తీసేశారు. ఆ ఆటో బీరువాలాగే ఉందని నేను ఇప్పటికీ అంటాను. కానీ నా వర్క్‌షాపుకి ఎవరైనా పోయినవాళ్ల ఫొటో పట్టుకుని వస్తే, ఆ ఫొటో పక్కన పెట్టించి ముందు ఒకటే అడుగుతాను: ఇంట్లో ఈ మనిషిని దేనికి తిట్టేవారు? మొదట నొచ్చుకుంటారు. కొందరికి కోపం కూడా వస్తుంది. మొన్న ఆదివారం తల్లి బొమ్మ వేయాలని వచ్చిన ఒక పెద్దాయన ఫొటో జేబులో పెట్టుకుని లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"పల్లెంలో అన్నం ఉండగానే మల్లీ ఒడ్డించీసీది మేడం," అన్నాడు చివరికి. "సాలమ్మా అని ఎంత అరిసినా ఇనీది కాదు."

"అయితే ఆ వడ్డించే చెయ్యే వెయ్యండి" అన్నాను.