ఆరు నుంచి ఏడు దాకా హారిక ఇంట్లో లేదు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలుచుకొస్తున్న పిల్లను ఇంట్లో కూర్చుని ఓడించబోయిన ఘనత మాత్రం మా మండలంలో నా ఒక్కదానిదే. నేను పుట్టి బుద్ధెరిగి టెన్నిస్ బ్యాటు పట్టుకోలేదు. దాన్ని బ్యాటు అనకూడదనీ, రాకెట్టు అనాలనీ కూడా పెళ్లయ్యాకే తెలిసింది. అలాంటిదాన్ని ఒక చేతిలో పెసరట్టు ప్లేటు, ఇంకో చేతిలో సెల్‌ఫోను పట్టుకుని ఒక క్రీడాకారిణి బతుకును గంటలో తేల్చేయబోయాను. మీరు చదివి నవ్వుకోండి. నాకు మాత్రం ఆ పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ చెంగుతో ముఖం కప్పుకోవాలనిపిస్తుంది.

ఆ క్రీడాకారిణి మా ఆడపడుచు హారిక. మాది నల్లజర్ల, మెట్ట ఊరు. పెళ్లి చేసి నన్ను మండవల్లి పంపించారు. ఇక్కడ ఇంటి చుట్టూ చేపల చెరువులు, ఆ పైన వరి, ఆ పైన కొల్లేరు. ఇన్ని నీళ్ల మధ్య టెన్నిస్ ఎలా మొలిచిందని అడక్కండి. చిన్నప్పుడు ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటూ ఆట నేర్చుకుందట. నేను కాపురానికి వచ్చేసరికి దేశాలు తిరిగి ఆడుతోంది. ఇంటికొచ్చిన రోజుల్లో పొద్దున్నే పెరటి వెనకాల చేపల మేత గోదాం గోడకేసి బంతి కొడుతూ ఉండేది. "ర్యాంకు పెరిగిందటగా హారికా, సంతోషం" అని ఒకసారి మనస్ఫూర్తిగా అభినందించాను. అంకె పెరగడమంటే కిందికి పడిపోవడమని నాకేం తెలుసు? పాపం, "థాంక్స్ వదినా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఒక నియమం చెప్పాలి, ఓపిక పట్టండి. పెద్ద స్థాయిలో ఆడేవాళ్లు బలానికి మందులేమైనా వాడుతున్నారేమోనని పరీక్ష చేసే అధికారులుంటారు. వాళ్లు చెప్పకుండా వస్తారు. అందుకని ఆడే మనిషి రోజూ ఒక గంట తాను ఎక్కడ ఉంటుందో ముందే చెప్పి ఉంచాలి. ఆ గంటలో వాళ్లొస్తే అక్కడ దొరికి తీరాలి. ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే, మందు మొహం చూడకపోయినా సరే, రెండేళ్ల దాకా ఆట ఆపేస్తారు. హారిక ఇంట్లో ఉన్నప్పుడు చెప్పే గంట పొద్దున్న ఆరు నుంచి ఏడు.

ఈ సంగతంతా ఆ పిల్ల నాకు చెప్పింది. చెప్పలేదని అబద్ధమాడితే కళ్లు పోతాయి. కాకపోతే నేను అప్పుడు గారెలు వేస్తున్నాను.

"వదినా, ఆరుకీ ఏడుకీ మధ్య నా కోసం ఎవరొచ్చినా నన్ను పిలవండి. పడుకున్నా లేపండి."

"ఊఁ."

"ఎవరొచ్చినా అండీ."

"ఊఁ ఊఁ."

ఆ ఊఁలన్నీ గారెల చిల్లులకే సరిపోయాయి. బుర్రలోకి ఒక్కటీ పోలేదు.

ఆ తరవాత కొన్నాళ్లకి యూట్యూబ్ అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, భుజాన సంచి, నోట్లో వెన్న. "అక్కా, హారికగారు ఓడిపోతే ఇంట్లో ఎలా ఉంటారక్కా" అని అడిగితే, ఇంతమంది ఉండగా నన్నే అడిగిందని పొంగిపోయి, "ఓడిపోయిన రోజు అన్నం ముట్టదమ్మా" అన్నాను. సాయంత్రానికి వీడియో వచ్చింది. 'పస్తులుంటున్న టెన్నిస్ తార, కన్నీటితో వదిన చెప్పిన నిజం.' కన్నీళ్లు ఉల్లిపాయలవి. మా అత్తగారు ఆ వీడియో చూసి మంచం మీద కూలబడ్డారు.

"చెరువుల నిండా చేపలు, గాదె నిండా ధాన్యం పెట్టుకుని మన ఇంట్లో పస్తులా? ఇక మీదట ఆ పిల్ల కోసం ఎవరొచ్చినా ఊళ్లో లేదని చెప్పెయ్. విన్నావా అమ్మాయ్?"

ఈసారి విన్నాను. కొత్త కోడలికి అత్తగారి మాట వినపడినట్టు ఆడపడుచు మాట వినపడదు.

మూడుసార్లు అన్నాను కదా, ఆ ఏడాది అప్పటికే రెండు అయిపోయాయి. మొదటిది రైలు చేసిన పని. తాడేపల్లిగూడెంలో స్నేహితురాలి పెళ్లికి వెళ్లి, ఆరింటికల్లా ఇంట్లో ఉందామని రైలెక్కితే అది దారిలో ఆగిపోయింది. రెండోసారి మాత్రం ఏం జరిగిందని అడిగితే, "చెరువు గట్టు మీదకి పరుగుకి వెళ్లాను, మర్చిపోయాను, నాదే తప్పు" అంది హారిక. ఇంటిల్లిపాదీ చీవాట్లు పెట్టారు. వాళ్లందరికంటే గట్టిగా పెట్టింది నేను. "ఒక్క గంట ఇంటిపట్టున ఉండలేవా హారికా? బాధ్యత ఉండొద్దూ" అన్నాను. ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసి, రాగిజావ తాగేసి వెళ్లిపోయింది.

ఇక అసలు రోజు. ఇంకో వారంలో హారిక విదేశం వెళ్లాలి. ముందు చిల్లర మ్యాచ్‌లు ఆడే పని లేకుండా, ఒక పెద్ద టోర్నమెంట్‌లో నేరుగా చోటు దొరకడం అదే మొదటిసారి. పొద్దున్నే లేచి, ఫోను వంటింటి అలమర మీద పెట్టి గోదాం గోడ దగ్గరికి పోయింది. ఆరు దాటగానే ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది. మెడలో కార్డు. భుజాన పెద్ద సంచి. వచ్చిందమ్మా ఇంకో యూట్యూబూ అనుకున్నాను. అధికారి అంటే నా లెక్కలో జీపు దిగాలి, టోపీ ఉండాలి. ఈవిడ నూలు చీర కట్టుకుని కాలేజీ లెక్చరర్‌లా ఉంది.

"హారికగారిని కలవాలండీ."

"ఊళ్లో లేదండీ. మీరెవరండీ?"

"ఆ విషయం ఆవిడతోనే చెప్పాలండీ."

"అయ్యో, నిన్ననే వెళ్లిపోయిందండీ. బెంగళూరు."

"ఏ రైలుకండీ?"

నాకు రైళ్ల పేర్లు రావు. "ఏలూరులో ఎక్కిందండీ" అన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, "ఏడు దాకా ఇక్కడే కూర్చుంటానండీ" అని వరండాలో కుర్చీ లాక్కుంది. లేని మనిషి కోసం కూర్చోవడమేమిటో. అయినా గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఖాళీ కడుపుతో ఉంచితే మా పుట్టింటికి మాట వస్తుంది. గబగబా పెసరట్టు వేసి తెచ్చాను.

"నేనేమీ తీసుకోకూడదండీ."

"ఒక్కటేనండీ, అల్లం పచ్చడితో."

"వద్దండీ. రూలు."

పెసరట్టు వద్దనే మనిషిని ఈ జిల్లాలో ఎవరు నమ్ముతారు చెప్పండి? నా అనుమానం కాస్తా గట్టిపడిపోయింది. అంతలో గోదాం వైపు నుంచి టక్, టక్ మని చప్పుడు.

"అదేంటండీ ఆ చప్పుడు?"

"మా అత్తగారు బట్టలు ఉతుకుతున్నారండీ."

మాట నోట్లో ఉండగానే మా అత్తగారు పూజ ముగించి, చేతిలో హారతి పళ్లెంతో వరండాలోకి వచ్చారు. "ఎవరమ్మాయ్ వచ్చిందీ?"

"ఈవిడ మా పెద్దత్తగారండీ" అన్నాను. "ఉతికేది చిన్నత్తగారు."

మా అత్తగారు ఆ కార్డునీ, ఆ సంచినీ, నన్నూ చూశారు. తెలివైన మనిషి, ఇట్టే అందుకున్నారు. "అవునమ్మా, మా తోటికోడలికి ఉతుకంటే ప్రాణం" అని ఆవిడ కళ్లకు హారతి కూడా అద్దించారు. వచ్చినావిడ గడియారం మాత్రం చూసుకుంది.

నేను వంటింట్లోకి వచ్చి కుక్కరు పెట్టాను. ఏడు కావస్తుండగా అలమర మీద హారిక ఫోను మోగింది. తెలియని నంబరు. ఇదీ ఆ ముఠాయే అయి ఉంటుందనుకున్నాను. ఆ క్షణాన ఏ దయ్యం పట్టిందో, ఎత్తి గొంతు సన్నం చేసి, "హలో, హారిక స్పీకింగ్" అన్నాను.

"హారికగారూ, మీరిప్పుడు ఎక్కడున్నారండీ?"

"బెంగళూరులోనండీ. ప్రాక్టీసులో ఉన్నాను, తరవాత చెయ్యండి."

సరిగ్గా అప్పుడే కుక్కరు కూసింది. ఇటు నా పక్కన కూత, అటు ఫోనులోంచీ అదే కూత.

"బెంగళూరులోనూ మీ కుక్కరే కూసిందండీ" అంది ఫోను. తల తిప్పితే వంటింటి గుమ్మంలో ఆవిడ. ఆవిడ చెవి దగ్గర ఫోను, నా చెవి దగ్గర ఫోను. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను వెంటనే ఫోను పెట్టేయాలి కదా? పెట్టలేదు. "ఇంకో అట్టు వెయ్యమంటారా అండీ" అని అందులోనే అడిగాను.

పెరటి తలుపు తోసుకుని హారిక లోపలికి వచ్చింది. ఒళ్లంతా చెమట. "వదినా, కాస్త మజ్జిగ" అంటూ ఆవిడ మెడలో కార్డు చూసింది. మజ్జిగ మాట వదిలేసి గోడ మీద గడియారం కోసం వెతికింది.

"టైమెంతయిందండీ?"

"ఇంకా ఏడు కాలేదండీ" అంది ఆవిడ. "మీరు దొరికారు."

హారిక అక్కడే వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయింది. దేశదేశాల్లో ఎర్రటి ఎండలో గంటలకొద్దీ నిలబడి ఆడే పిల్ల ఆ ఒక్క మాటకి రాకెట్టు ఒళ్లో పెట్టుకుని చతికిలబడింది. అప్పుడు అర్థమైంది నాకు, వచ్చిందెవరో, నేను చేస్తున్నదేమిటో. సిగ్గుతో నేనూ కూర్చుందామనుకున్నాను గానీ కుక్కరు ఇంకోసారి కూసింది.

ఆ పరీక్షకి కావలసింది మూత్రం. హారిక చూస్తే చెమటతో ఎండిపోయి ఉంది. అది అయ్యేదాకా ఆవిడ మా పిల్లను కళ్లముందు నుంచి కదలనివ్వదు. "లోపలికి కూడా వస్తారా అండీ?" అని మా అత్తగారు నోరెళ్లబెట్టారు. వస్తుందట, రూలట. పిల్లకి త్వరగా రావాలని మా అత్తగారు కొబ్బరి బొండాలు కొట్టించారు, మజ్జిగ కలిపారు. "అంత తాగించకండమ్మా, మరీ పల్చనైతే మళ్లీ ఇవ్వాలి" అని ఆవిడ చెబుతూనే ఉంది. పల్చనైంది. మళ్లీ ఇవ్వాల్సొచ్చింది. మధ్యాహ్నం దాకా మా ఇంట్లో కూర్చుని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయిన చుట్టం ఆవిడొక్కతే.

వెళ్లేముందు నేను చేతులు జోడించి, "తప్పంతా నాదేనండీ, పిల్లకి ఏమీ తెలియదండీ" అన్నాను.

"ఈసారికి దొరికారు కాబట్టి సరిపోయిందండీ. ఇంట్లోవాళ్లు ఏం చెప్పినా హారికగారు చెప్పినట్టే లెక్క. గుర్తు పెట్టుకోండి." ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పేసరికి ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం మేడ మీద హారిక పెట్టె సర్దుకుంటుంటే వెళ్లాను. మధ్యాహ్నం నుంచీ నన్నొక పురుగు తొలుస్తోంది. ఎప్పుడో ఒక పొద్దున హెల్మెట్టు పెట్టుకున్న ఒకాయన వచ్చి హారిక గురించి అడిగితే, నల్లజర్లలో పెళ్లికి వెళ్లిందని చెప్పి పంపించాను. ఆయన పోకుండా ఏడు దాకా గేటు బయటే నిలబడ్డాడు. అదెప్పుడో లెక్క వేసుకుంటే సరిగ్గా ఆ రెండోసారి నాడే.

"హారికా, ఆ రెండోసారి నువ్వు పరుగుకి వెళ్లలేదు కదూ?"

బట్టలు మడతపెట్టడం ఆపలేదు. "లేదు వదినా. ఈ మంచం మీదే పడుకున్నాను."

"నీకప్పుడే తెలుసా, అది నేనేనని?"

"ఇంట్లో ఒకావిడ నల్లజర్ల పెళ్లికి వెళ్లిందని చెప్పారని వాళ్లు నోటీసులో రాశారు. మన ఇంట్లో నల్లజర్ల పేరెత్తేది ఎవరండీ?"

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు వచ్చి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. అమ్మ సంగతి తెలుసుగా. ఇంకో ఇరవయ్యేళ్లు దెప్పేది. నాకైతే నాలుగు రోజులు తిట్లు, అంతే."

నాలుగు రోజుల తిట్లు కాదది. ఆ పిల్ల ఆటంతా ఒక్క దారం మీద వేలాడుతోంది. ఆ దారం పట్టుకుని నేను బాధ్యత గురించి ఉపన్యాసం ఇచ్చాను, ఆ పిల్ల రాగిజావ తాగుతూ వింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఇంట్లో అడుసు తొక్కింది నేను, కాళ్లు కడుక్కున్నది ఆడపడుచు. తలుపు వెనకాల నిలబడి భోరున ఏడ్చాను. ఈసారి ఉల్లిపాయలు లేవు.

రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పేశాను. మా అత్తగారు చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నారు. ఇరవయ్యేళ్ల దెప్పు ఇవాళ్టి నుంచే మొదలనుకుని తల వంచుకున్నాను. ఆవిడ పులుసులోంచి పెద్ద చేప ముక్క తీసి హారిక కంచంలో వేసి, "అయితే లేదని చెప్పమన్న నేనూ, చెప్పిన నువ్వూ కలిసి దాని కొంప ముంచబోయామన్నమాట" అన్నారు. ఇంకో మాట అనలేదు.

హారిక వెళ్లి ఆడింది. ఆ ఏడాది గడిచాక పాత లెక్కలు కొట్టేశారు. ఇప్పటికీ ఆడుతోంది, ఇప్పటికీ ఆ గంటకి మా ఇల్లే చెబుతోంది. ఆ నమ్మకానికి నేను తగనని నాకు తెలుసు, అందుకే ప్రమాణం చేశాను. నల్లజర్ల ఆడపడుచునూ మండవల్లి కోడలినీ అయిన నేను, కొల్లేటి నీళ్ల సాక్షిగా, ఈ ఇంట్లో ఉన్న మనిషిని లేరని ఈ జన్మలో చెప్పను. ఎవరొచ్చినా సరే, ఏ వేళైనా సరే.

మొన్న మా ఆయన కోసం ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడు. మా ఆయన నాకు చెయ్యూపి సైగ చేసి, బీరువా వెనక్కి నక్కారు.

"సారున్నారా అండీ?"

"ఉన్నారండీ" అన్నాను. "బీరువా వెనకాల ఉన్నారు. మీరు లోపలికి వచ్చి కూర్చోండి, పెసరట్టు వేస్తాను."