తాళం ఎవరి చేతికి

పదకొండేళ్లుగా కారు తోలేది హజ్రా బీ అయినా, మెకానిక్ దాని బాగోగులు చెప్పేది మాత్రం పక్కన నిలబడ్డ ఆమె భర్త నూర్ మొహమ్మద్‌కే. ఆమె నరసరావుపేట నుంచి ఈపూరుకు నర్సు డ్యూటీకి రోజూ ఆ చిన్న కారులోనే వెళ్తుంది. చెప్పులు విప్పి పక్క సీటు కింద పెట్టి, వట్టి కాళ్లతో తోలుతుంది. మొరాయించే అద్దాన్ని అరచేత్తో పైకి నెడుతుంది. ఈమధ్య ఇంజను రెండుసార్లు నడిదారిలో ఆగిపోయి డ్యూటీకి ఆలస్యమయ్యేసరికి, కొత్తది కొనాలో వద్దో తేల్చుకుందామని భర్తతో షోరూముకు వెళ్లింది.

"సార్, ఒక రౌండు తోలి చూడండి," అంటూ సేల్స్‌మన్ తాళం నూర్ మొహమ్మద్ చేతిలో పెట్టాడు.

"నాకు సైకిలే సరిగ్గా రాదయ్యా. తోలేది ఆమె!"

"అట్టాగా! అయితే మేడమ్, మీరు రంగు చూసుకోండి."

"రంగుదేముందిలే బాబూ. గుంతల్లో బండి అడుగు తగులుద్దా, తగలదా? అది చెప్పు."

"తగలదు సార్," అన్నాడతను నూర్ మొహమ్మద్ వైపు తిరిగి.

హజ్రా బీ నవ్వి లేచింది. "పదండి, పాతదానికే ఇంజను బాగుచేయించుకుందాం. ఆ బండికైనా తెలుసు, తోలేది ఎవరో."

కార్లు అమ్మేవాళ్లారా, తాళం తోలే మనిషికివ్వండి. ఆమె వెంట వెళ్లే మగవాళ్లారా, పొరపాటున అది మీ చేతికొస్తే అక్కడికక్కడే ఆమె చేతిలో పెట్టండి.