గీత మీద ఎర్రరంగు

శంషాబాద్‌ల విమానాలు కొత్తగ దిగుతున్న రోజులు. పాల్మాకుల తొవ్వల నాకు మెకానిక్ షెడ్డుండె. మట్టి టిప్పర్లన్నీ నా దగ్గరికే వచ్చేటివి. "షాఫ్టు పనంటే మేస్త్రిదే" అని నలుగురు అంటుంటే నా కండ్లు నెత్తికెక్కినయి.

ఇంజన్ బలాన్ని ఎనక చక్రాలకు అందించే పొడుగు రాడ్డే షాఫ్టు. దాన్ని రెండు ముక్కలు చేసే ముందు రెండిటి మీద కలిపి ఒక గీత గియ్యాలె. మళ్ల బిగించేటప్పుడు గీతకు గీత కలిస్తేనే రెండు కొసలకు కొమ్ముల లెక్క ఉండే యోకులు ఒక్క వరుసల కూసుంటయి. ముక్కలు కలిసే కాడ లోపటి పండ్లల్ల ఒక్క పన్ను అటిటైనా బండి వణుకుతది.

దసరా ముందట అరిగిన సామాను మార్చెటందుకు ఒక టిప్పర్ షాఫ్టు విప్పిన. గీత గూడ గీసిన. పూజనాడు బండి కిందికెల్లి గూడ మెరవాలెనని సోకు. డీజిల్‌తోని కడిగి ఎర్రరంగు పూసిన. గీత రంగు కింద పోయింది. గీకితే దొరుకునేమో, కొత్త రంగు ఖరాబైతదని గీకలె. అందాజగ బిగించి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి పంపిన.

రెండు దినాలకు ఆ బండి డ్రైవరన్న వచ్చిండు. ఇరవై ఏండ్ల సంది స్టీరింగ్ పట్టిన మనిషి. "మేస్త్రీ, బండి వణుకుతుంది, జర చూడరాదు" అన్నడు. "కొత్త సామానే అన్నా, గట్లనే ఉంటది, సెట్టయితది" అన్న. పానా గూడ ముట్టలె.

నాలుగో దినం షాద్‌నగర్ తొవ్వల షాఫ్టు ఊడి రోడ్డు మీద పడ్డది. దేవుని దయ, ఎవ్వలికేం కాలె. బండిని గుంజుకొచ్చిన్రు. కింద పండి చూస్తే యోకులు ఒకటటు, ఒకటిటు.

బండి ఓనరు నెత్తి మీద నిలవడి "ఎవని తప్పు?" అన్నడు. నా నోట్ల మన్నువడ, "డ్రైవరు క్లచ్చి దబ్బున ఇడుస్తుండు, షాఫ్టు ఎంతకని ఆగుతది?" అన్న. ఓనరు అక్కన్నే డ్రైవరన్న చేతులకెల్లి తాళంచెవి గుంజుకుండు. పనికి రావద్దన్నడు. అన్న నా మొఖం దిక్కు చూసిండు. నేను పానాలు సదురుకుంట కూసున్న.

తెల్లారి అన్న షెడ్డుకొచ్చిండు. కొట్లాటకే అనుకున్న. రెండు పీకితే బాగుండునని గూడ అనిపించింది. ఆయనేమో ఎదురుంగ కూసోని, "తెల్వక అయింది మేస్త్రీ. ఇంకో బండి దొరికేటట్టుంది. క్లచ్చి ఎట్ల ఇడవాల్నో జర నేర్పు, మళ్ల గిట్ల కావొద్దు" అన్నడు.

సిగ్గుతోని సచ్చిన. అప్పుడైనా నిజం చెప్పొద్దా? చెప్పలె. క్లచ్చి పెడల్ అనుకొమ్మని ఇనుప ముక్కొకటి ముందలేసి, కాలు ఎట్ల లేపాల్నో చూపెట్టిన. ఆయన చెప్పులిడిసి, దాని మీద కాలు పెట్టి, మెల్లమెల్లగ లేపుకుంట "గిట్లనేనా?" అని అడిగిండు.

"ఆఁ, గట్లనే" అన్న.