నులక మంచంలో గుంట

ఆ మంచం మీద పడుకునేవాణ్ణని చెబితే అబద్ధమవుతుంది. మంచంలో పడుకునేవాణ్ణి. నడుము దగ్గర అంత గుంట. తెల్లవారి బయటపడాలంటే బావిలో పడ్డ మేకకు వేసినట్టు పైనుంచి ఎవరో తాడు వేసి లాగాలి. లాగేవాళ్లు లేరు గనుక ఒక పక్కకు దొర్లి, నేల మీద పడి, అక్కణ్ణుంచి లేచేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఒక పల్లెలో, వాగు మీద వంతెన కట్టించే ఇంజినీరుగా ఉన్నాను. వంతెన అనగానే గోదావరిని ఊహించుకోవద్దు. దాని మధ్య నిలబడి తుమ్మితే రెండు ఒడ్లూ తడుస్తాయి. నా భార్య ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పెళ్లయ్యాక మేమిద్దరం ఒక కప్పు కింద గడిపిన కాలం కంటే నేను బస్టాండులో నిలబడ్డ కాలమే ఎక్కువ.

పని దగ్గర నాకు తోడు ఇనుము. రాడ్లు లారీలో పట్టవని నడిమికి మడిచి తెచ్చేవారు. రాడ్‌ను కొంచెం వంచి వదిలితే విసుక్కున్నట్టు ఊగి మళ్లీ తిన్నగా నిలబడుతుంది. ఒక హద్దు దాటాక మాత్రం తిరిగి రాదు. సమ్మెటతో ఎంత సాపు చేసినా మడత పడ్డచోట ఒక సన్నని వంకర మిగిలిపోతుంది. అయినా ఇనుము మర్యాదగలది, హద్దు దాటానని కంటికి కనబడేట్టు చెబుతుంది. నులక అట్లా చెప్పదు. ఒకే బరువు ఒకే చోట రోజూ పడుతుంటే వెంట్రుకవాసి చొప్పున సాగుతూ పోతుంది. ఏ రోజుకు ఆ రోజు తేడా ఏమీ ఉండదు. నేనూ ఏ రోజుకు ఆ రోజు బాగానే ఉండేవాణ్ణి.

ఒక వేసవి చివర ఆమె ఫోన్ చేసింది. కాలేజీకి సెలవులట, వచ్చి నాలుగు రోజులుంటానంది. ఉండగలననిపిస్తే ఉద్యోగం మానేసి ఇక్కడికే వచ్చేస్తానంది. ఆ మాట విన్నాక గదికి వచ్చి చుట్టూ చూశాను. గోడకు ఒక బల్లి, మూలన ఒక కిరసనాయిలు స్టవ్, నడుమ ఆ గుంట. బల్లిని ఏమీ చెయ్యలేను, స్టవ్ తోముకోవచ్చు. గుంట మాత్రం ఉండటానికి వీల్లేదనుకున్నాను. దాన్ని చూస్తే నేనెట్లా బతుకుతున్నానో ఆమెకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆమె వచ్చే రోజు పొద్దున్నే మంచాన్ని వాకిట్లోకి ఈడ్చి, నల్లులు పోవాలని మరిగే నీళ్లు పోసి, ఎండకు పెట్టి, కాళ్ల వైపు తాళ్లు బిగించడం మొదలుపెట్టాను. వంతెన పనిలో స్టీలు తీగను లాగేటప్పుడు, రేపు కొంత వదులవుతుందిలే అని ఇవాళ కొంత ఎక్కువ లాగుతాం. అదే లెక్క నులకకూ వేశాను. పట్టెకు కాలు తన్నిపెట్టి, ఏనుగును కట్టేసేవాడిలా గుంజుతున్నాను. ఇంటి యజమానురాలు, ఎనభై దాటిన అవ్వ, అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ చూసింది.

“ఏంది సారూ, మంచం కడుతున్నవా, డప్పు కడుతున్నవా?”

“మా ఇంటామె వస్తుందవ్వా.”

“అట్లనా. అయితే ఇంకింత గుంజు.”

అనడమే కాదు, లేచి వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది. పూర్తయ్యాక పరీక్షకు ఒక చింతపిక్కను పైనుంచి వదిలితే అది ఎగిరి పెంకుల్లో ఇరుక్కుంది. ఇద్దరం తృప్తిగా తలలూపాం. నేను బస్సుకు ఎదురెళ్లాను.

ఆ ఏటి మొదటి వాన సరిగ్గా ఆ బస్సుతోపాటే వచ్చింది. ఇద్దరం ముద్దగా తడిసి ఇల్లు చేరేసరికి, వాకిట్లో మంచం, స్తంభాన్ని చూసిన కుక్కలా, ఒక కోడు పైకెత్తి నిలబడి ఉంది. నులక పేనిన గోగునార తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ పొట్టిదవుతుంది. అసలే బిగిసి ఉన్న తాళ్లు పట్టెలను మెలిపెట్టేశాయి. లోపలికి తెచ్చి తుడిచి వేశాను. ఆమె కూర్చుంది. టక్కుమని పైకోడు నేలను తాకి, ఎదురుకోడు గాల్లోకి లేచింది.

“నన్ను కింద పడెయ్యడానికే కట్టిండ్రా దీన్ని?” అంది.

స్టీలు లెక్క అంతా వివరించాను. ఆమె విని, ఇనుము పాఠం నారకు చెప్తే గిట్లనే ఉంటదంది. మా కాలేజీ పిల్లలే నయం అని కూడా అంది. ఆ తర్వాత ఎంత నవ్విందంటే బల్లి గోడ వదిలి వెళ్లిపోయింది. ఆ గదిలో నేను కాక ఇంకొకరు నవ్వడం అదే మొదటిసారి. వాగులోంచి పలక రాయొకటి తెచ్చి కోడు కింద పెట్టాను. ఆమె గోడ వైపు, నేను బయటి అంచున పడుకున్నాం.

రోజూ పొద్దున నేను పనికి పోయి పొద్దు గూకే వేళకు వచ్చేవాణ్ణి. ఒకరోజు సిమెంటు రాక మధ్యాహ్నమే వచ్చేశాను. ఆమె గడప మీద కూర్చుని దారి చూస్తోంది. దారిలో ఏమీ లేదు.

“పొద్దున మీరు పోయినంక ఒక్క మనిషి గొంతు ఇనలేదు. అవ్వ చేను కాడికి పోయింది. గోడకు పాఠం చెప్పుకున్న,” అంది. నా వైపు తిరిగి, “ఇన్నేండ్లు మీరు గిట్లనే ఉన్నరా?” అని అడిగింది.

నాకు పనుంటుంది కదా అన్నాను.

“నేనుండలేనండి. మీరు రమ్మంటే వస్త. ఉండలేను గాని వస్త.”

రమ్మనే మాట నా నోటి దాకా వచ్చింది. దాని చుట్టూ ఎంతెంత మాటలు పేర్చగలనో మీకు తెలుసు. ఆ పూట మాత్రం, “ఈ మంచం ఇద్దర్ని మోయదులే,” అన్నాను. ఆమె నవ్వలేదు. లేచి లోపలికి పోయి బట్టలు సర్దుకుంది. మర్నాడు బస్సెక్కించాను. ఖమ్మంలో ఎక్కడ దిగాలో, పుట్టి పెరిగిన ఊరి గురించి ఆమెకే చెప్పాను. సరే అంది.

వానలు పోయాయి. నార ఎండి సడలింది. రాయి తీసేస్తే కోడు దిగింది గానీ పూర్తిగా దిగలేదు, గోరు దూరేంత సందు ఉండిపోయింది. పట్టె అప్పటికే ఆ వంపుకు అలవాటు పడింది. చలికాలంలో ఒకరోజు అవ్వ వచ్చి మంచం మీద కూర్చోబోయి చేత్తో తడిమి ఆగింది.

“సారూ, గుంట గీ అంచుకు పడ్డదేంది? నడుమ పండుకోవా?”

అప్పుడు చూశాను. గోడ వైపు సగం నేను కట్టిన రోజున ఉన్నంత బిగువుగానే ఉంది. నారలో తేడా అయి ఉంటుందవ్వా అన్నాను.

“తాళ్లు గుంజి కట్టుకో మరి.”

కడతానన్నాను. వంతెన పూర్తయి ఆ ఊరు విడిచిన రోజు దాకా కట్టలేదు.